వెచ్చటి నేల మీద జంపఖానా

తివాచీ పుట్టింది చలికేనంటారు. పూలూ లతలూ జింకలూ తర్వాత వచ్చి చేరాయి. మధ్య ఆసియాలో గొర్రెలు కాచుకుంటూ గుడారాల్లో బతికినవాళ్లకి పొద్దుగూకేసరికి ఒంటికీ గడ్డకట్టిన నేలకీ మధ్య ఏదో ఒకటి అడ్డం కావాలి. చేతికందింది గొర్రె ఉన్ని. దాన్ని వడికి, ముడి మీద ముడి వేసి, కుచ్చు నిలబెట్టి, ఆ కుచ్చు సందుల్లో గాలిని కదలకుండా కట్టేశారు. వెచ్చదనం ఆ గాలిది. ఉన్ని దానికి కాపలా. ఇప్పటికి దొరికిన ముడుల తివాచీల్లో అతి పాతదాన్ని దాచిపెట్టింది కూడా చలే. అల్తాయ్ కొండల్లో పజిరిక్ అనే చోట మంచు పేరుకుపోయిన సమాధిలోంచి 1949లో రుదెంకో అనే రష్యన్ పురాతత్వవేత్త దాన్ని బయటికి తీశాడు. దాదాపు 2,400 ఏళ్లనాటి ఎరుపు ఇంకా ఎరుపుగానే ఉంది.

అలాంటి తివాచీని తీసుకొచ్చి, అడుగునుంచే వేడెక్కే నేల మీద పరిస్తే ఏమవుతుంది? అది తన పని మానదు. ఒంటి వేడి కిందికి పోకుండా ఆపడం దానికొచ్చిన విద్య. నేల వేడి పైకి రాకుండానూ అదే విద్యతో ఆపుతుంది. కిందేదో పైనేదో దానికి పట్టదు.

ఈ తగువు నేను చూసింది మా అమ్మాయి ఇంట్లో. జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఒక కొత్త అపార్ట్‌మెంట్. మేం వెళ్లింది చలికాలం. బయట సున్నా కింద రెండో మూడో డిగ్రీలు, లోపల బనీనుతో తిరగొచ్చు. గోడలకి హీటర్లు లేవు, పొయ్యి లేదు, పొగగొట్టం లేదు. వేడి ఎక్కడినుంచి వస్తోందో కంటికి కనపడదు. హన్మకొండలో ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకి ఉష్ణవాహకత్వం చెప్పినవాణ్ని కదా, వంగి టైల్ మీద అరచెయ్యి ఆనించి చూశాను. "ఏంది నాన్నా, నేలకు జ్వరమొచ్చిందా?" అంది మా అమ్మాయి.

జ్వరం లేదు. అసలు విశేషం అదే. టైల్స్ కింద సిమెంటు పొర, ఆ పొరలో పాములా మెలికలు తిరిగిన ప్లాస్టిక్ గొట్టాలు, వాటిలో సుమారు 35 డిగ్రీల నీళ్లు. మన స్నానానికి పెట్టుకునే నీళ్లకన్నా చల్లనివి. యూరప్ ప్రమాణాల ప్రకారం మనుషులు మసలే చోట నేల పైభాగం 29 డిగ్రీలు దాటకూడదు. గోడలూ కిటికీలూ గట్టిగా కట్టిన కొత్త ఇళ్లకి అంత కూడా అక్కర్లేదు, 23, 24 చాలు. మన పాదం వేడి 29, 30 దగ్గర ఉంటుంది. అంటే ఈ "వెచ్చటి నేల" మన కాలికన్నా చల్లనిది. నేల వేడిగా ఉందని కాలికి తెలియదు. చల్లగా లేదని మాత్రం తెలుస్తుంది. వేసవిలో డాబా మీద పరుగెత్తిన కాళ్లకి ఇది మొదట్లో మోసంలా అనిపిస్తుంది.

ఇంతలో అల్లుడు తివాచీ కొనాలన్నాడు. హాలు బోసిగా ఉందట, మాట్లాడితే ప్రతిధ్వని వస్తోందట, పాప పాకుతూ మోకాళ్లు కొట్టుకుంటోందట. మూడూ న్యాయమైన కారణాలే. గమనిస్తే ఆ మూడింట్లో చలి ఊసే లేదు. వేల ఏళ్లుగా తివాచీకి ముఖ్యమైన ఉద్యోగం ఏదో అది పోయింది, పక్క పనులు మిగిలాయి.

కొట్టుకి వెళ్లాం. అక్కడ తివాచీల చీటీల మీద చిన్న బొమ్మ ఉంటుంది, అడుగునుంచి వేడి పైకి లేస్తున్నట్టు. ఆ బొమ్మ ఉంటే నేల వేడికి పనికొస్తుందని అర్థం. బొమ్మ లేని చోట, అమ్మే ఆవిడ మా అమ్మాయితో ఒకే మాట మళ్లీ మళ్లీ చెప్పింది: ఇది సహజమైన నార, ఊపిరి తీసుకుంటుంది, దిగులు పడకండి అని. జనపనార, కొబ్బరి పీచు, ఉన్ని, నూలు, కిత్తనార జాతి సైసల్, అన్నీ ఆ ఒక్క మాట కింద ఒకే అరలో సర్ది ఉన్నాయి. నాకు ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. గొర్రె ఒంటి నుంచి వచ్చినా చెట్టు నుంచి వచ్చినా వేడి దాని పుట్టుక అడగదు. అడిగేవి మూడే: ఎంత మందం, లోపల ఎంత గాలి, అడుగున ఏం అంటించారు.

ముందు అడుగు సంగతి. కొబ్బరి పీచు చాపలు చాలావాటికి వెనక రబ్బరు పాలు పూసి ఉంటాయి, పీచు విడిపోకుండా. కోనసీమ కొబ్బరి అయినా కేరళ కొబ్బరి అయినా ఆ పూత మాత్రం ఏళ్ల తరబడి వెచ్చదనం తగిలితే బిరుసెక్కి, పొడిపొడిగా రాలుతుంది. తివాచీ ఎత్తి చూస్తే కింద ఇసుక పోసినట్టుంటుంది. జారకుండా వేసే చౌకరకం ప్లాస్టిక్ వల ఇంకో తంటా. వేడికి మెత్తబడి చెక్క నేలకి మచ్చలు పెడుతుంది. పైన నార ఎంత సహజమైనదైతే ఏం, బేరం చెడేది కింద.

జనపనారది వేరే కథ. మా అమ్మాయి ముచ్చటపడి చిన్న జనపనార చాప ఒకటి కొని తెచ్చింది. పరిచిన పూటే హాలంతా గోనెసంచి వాసన. మా ఆవిడ ముక్కు ఎగబీల్చి "బియ్యం బస్తా విప్పినట్టున్నదే" అంది. వాసన అంతా జనపనారది కాదు. మిల్లులో నార మెత్తబడి యంత్రానికి లొంగడానికి నూనె కలిపిన నీళ్లు చల్లుతారు. గోనె వాసన అని మనం అనేది చాలావరకు ఆ నూనెది. మామూలు గదిలో అది నెమ్మదిగా పోతుంది. కింద నుంచి వేడి తగిలితే ఉన్నదంతా ఒకేసారి బయటికొస్తుంది. కొన్నాళ్లు బాల్కనీలో ఆరేస్తే తగ్గింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు గోగునార తీసే ఊళ్ల మీదుగా ఎప్పుడైనా వెళ్లారా? గోగు కట్టల్ని చెరువుల్లో ఊరేసే రోజుల్లో బస్సు కిటికీలు మూసుకుంటారు. నారకి పుట్టుకతోనే వాసనతో చుట్టరికం ఉంది, ఏం చేస్తాం.

ఇక తడి. ఉన్ని, జనపనార, నూలు గాలిలోని తేమని తాగుతాయి. ఉన్ని అయితే తన బరువులో మూడో వంతు దాకా నీటిని ఒళ్లో పెట్టుకుని కూడా పైకి పొడిగానే కనిపిస్తుంది. శీతాకాలపు యూరప్ ఇంట్లో గాలి ఎలాగూ పొడిబారి ఉంటుంది, నేల వేడి తోడైతే నార దాహంతో ఉంటుంది. సైసల్, జనపనార బిరుసెక్కి పోగులు చిట్లుతాయి, చాప అంచులు పైకి లేస్తాయి. ఉన్ని సర్దుకుపోతుంది. నూలు అంతకన్నా సులువుగా సర్దుకుపోతుంది.

అసలు లెక్క మందానిది. బ్రిటన్‌లో రజాయి ఎంత వెచ్చనిదో చెప్పడానికి టాగ్ అని ఒక కొలత ఉంది. 1940లలో మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్ అనే బట్టల పరిశోధనశాలలో పుట్టింది. అదే కొలతతో అక్కడ తివాచీనీ కొలుస్తారు. రజాయికి టాగ్ ఎక్కువుంటే గొప్ప. వెచ్చటి నేల మీది తివాచీకి అదే తప్పు. బ్రిటన్‌లో తివాచీ, దాని కింద వేసే మెత్తతో కలిపి రెండున్నర టాగ్‌లు దాటొద్దంటారు. జర్మన్లు ఇంకా బిగువు, వాళ్ల హద్దుని టాగ్‌ల్లోకి మారిస్తే ఒకటిన్నర. వేలెడు మందం కుచ్చు ఉన్న ఉన్ని తివాచీ, దాని కింద మెత్తటి ఫెల్టు వేస్తే రెండు లెక్కలూ దాటిపోవచ్చు.

రాత్రి భోజనాలయ్యాక కాగితం మీద లెక్క వేసి చూపించాను, పాత అలవాటు. గొట్టాల్లో నీళ్లు 35, గది 21. ఖాళీ టైల్ నుంచి చదరపు మీటరుకి 70 వాట్లు వస్తున్నాయనుకుంటే, ఒక టాగ్ తివాచీ పరిచిన చోట సుమారు 47కి పడిపోతుంది. రెండు టాగ్‌లైతే సగం. హాల్లో నాలుగో వంతు మేర పరిస్తే గది చల్లబడిపోదు. మిగిలిన నేల ఆ పని చేస్తుంది, నీళ్లు కాచే హీట్‌పంపు కొంచెం ఎక్కువసేపు తిరుగుతుంది, కరెంటు బిల్లు కొంచెం కదులుతుంది. గోడ నుంచి గోడ దాకా పరిచేస్తే మాత్రం లక్షలు పోసి గొట్టాలు వేయించుకుని వాటి నోరు మూసినట్టే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది పట్టించుకోనిది. నీళ్ల నేల వేరు, కరెంటు నేల వేరు. నీళ్ల నేలకి మనం కట్టే హద్దు డిగ్రీలకి. పైన ఎన్ని బొంతలు వేసినా అడుగు 35 దాటదు, ఎందుకంటే వచ్చే నీళ్లే 35. వేడి రావడం తగ్గుతుంది, అంతే. బాత్రూముల్లో టైల్ కింద వేసే కరెంటు తీగల చాపకి హద్దు వాట్లకి. చదరపు మీటరుకి నూట యాభై వాట్లంటే అది ఆ నూట యాభై వదిలి తీరాలి. పైన తివాచీతో దారి మూస్తే వేడి కింద పేరుకుంటుంది, పేరుకునే కొద్దీ డిగ్రీలు పెరుగుతాయి. నేలలో పెట్టిన సెన్సార్ తివాచీ కింద లేకుండా పక్కన ఉంటే దానికి ఈ సంగతి తెలియనే తెలియదు. తీగ మాడొచ్చు, టైల్ పగలొచ్చు, చెక్క నేలైతే రంగు మారి నెర్రెలు ఇవ్వొచ్చు. అదే తివాచీ, అదే మందం. ఒకచోట బిల్లు పెంచుతుంది, ఇంకోచోట సామాను పాడుచేస్తుంది.

మనవాళ్లకి ఇది మరీ అవసరమైన సంగతి. విదేశాల్లో తెలుగు ఇంట్లో పండగో పుట్టినరోజో వస్తే నలుగురు చుట్టాలు దిగుతారు, పరుపులు నేల మీదికి దిగుతాయి. పడుకునే గది నేల కింద ఉన్నవి నీళ్లో తీగలో ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిది. తీగలైతే ఆ రాత్రికి ఆపేసి పరుపు వెయ్యాలి.

నేల మీద పడుకోవడమంటే కొరియా వాళ్లు గుర్తొస్తారు. వెచ్చటి నేలని వాళ్లంత తెలివిగా వాడుకున్నవాళ్లు తక్కువ. ఒండోల్ అంటారు. వంటింటి పొయ్యి పొగని గది కింద రాతి పలకల అడుగున సాగదీసి, అవతలి గోడ పొగగొట్టంలోంచి వదిలేవాళ్లు. అన్నం ఉడికిన మంటే గదినీ కాచేది. పొయ్యికి దగ్గరి చోటు అన్నిటికన్నా వెచ్చన. అది పెద్దలకి, వచ్చిన అతిథికి. పొద్దుపోయి ఇల్లు చేరే మనిషి అన్నం గిన్నె కూడా అక్కడే, రజాయి కింద. మరి ఆ నేల మీద ఏం పరిచారు? తివాచీ పరచలేదు. నూనె పట్టించిన కాగితం అంటించారు. వేడి రావాల్సిన దారిలో మందమైనది ఏదీ పెట్టలేదు. కూర్చోవడానికి చిన్న మెత్త, పడుకోవడానికి సన్నటి పరుపు, పొద్దున్నే మడిచి బీరువాలో.

వాళ్లకీ చాపలున్నాయి. గంఘ్వా దీవిలో తుంగజాతి గడ్డితో పూల చాపలు అల్లుతారు, హ్వామున్‌సోక్ అని. అవి ఎండాకాలానికి! ఒంటికి చల్లగా తగలడానికి. చలికాలం కాగితం, వేసవి చాప. ఇప్పుడు ఒండోల్ పొగ పోయి బాయిలర్ నీళ్లొచ్చాయి. సియోల్ అపార్ట్‌మెంట్లలో సోఫాలూ వచ్చాయి, అయినా జనం సోఫాకి వీపు ఆనించి నేల మీదే కూర్చుంటారు. మా ఇంకో మనవరాలు కొరియన్ సీరియల్స్ చూస్తుంటే నేనూ చూశాను, కథ అర్థం కాలేదు కానీ ఇది మాత్రం గమనించాను. 1910లలో టోక్యోలో ఒక ధనవంతుడి ఇంట్లో ఒండోల్ ఉన్న కొరియా గదిలో కూర్చుని ఆశ్చర్యపోయిన అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్, 1937లో మాడిసన్‌లో జేకబ్స్ కుటుంబానికి కట్టిన ఇంట్లో నేల కింద గొట్టాలు వేయించాడు.

అయితే టైల్‌ని బోసిగా వదిలేయాలా? వదలక్కర్లేదని నా మతం, దానికి కారణం నేలకి చాలన్న ఆ 24 డిగ్రీలే. 24 డిగ్రీల టైలూ 24 డిగ్రీల నూలుబట్టా పాదానికి ఒకటిగా తగలవు. టైల్ పాదం వేడిని గబగబా లాగేస్తుంది, నూలు తొందరపడదు. పైగా సెప్టెంబరు చివర, ఏప్రిల్‌లో హీటింగ్ ఆపేసిన రోజుల్లో టైల్ జివ్వుమంటుంది. కాలికి ఒక పొర కావాలి, వేడి దారికి అడ్డం రాకూడదు. సన్నగా, అడుగున పూత లేకుండా, కుచ్చు లేకుండా, ఉతకడానికి వీలుగా ఉండాలి. అలాంటిది చలిని ఆపడానికి పెద్దగా పనికిరాదు. మన దగ్గర మాత్రం అది పెళ్లి పందిట్లో, భజన మందిరంలో, బడి వార్షికోత్సవంలో పరిచి ఉంటుంది.

జంపఖానా. మాది వరంగల్ కాబట్టి పక్షపాతం ఉంటే ఉండనివ్వండి. కొత్తవాడలో మగ్గాల చప్పుడు మధ్య నడిచినవాడికి జంపఖానా ఎలా తయారవుతుందో కొత్తగా చెప్పక్కర్లేదు. పడుగు పోగులు బిగించి, లావాటి నూలు పేక దాని మీద దట్టంగా కొడతారు. పేక పడుగుని పూర్తిగా కప్పేస్తుంది. అందుకే దానికి ముందూ వెనకా లేవు. అటు తిప్పినా ఇటు తిప్పినా అదే గీత, అదే రంగు. మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు. నా లెక్క ప్రకారం టాగ్‌లో ముప్పావు దగ్గర ఉంటుంది. వరంగల్ జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొరియా తన ఒండోల్ సంస్కృతిని జాతీయ వారసత్వం జాబితాలో చేర్చిందీ ఆ ఏడే. రెండు సంగతులకీ సంబంధం లేదు, నాకు తోచి చెప్పాను.

మన జంపఖానా సన్నగా ఉండటానికి కారణం తెలివి అనుకోను. మే నెలలో 44 డిగ్రీల ఊరికి వెచ్చటి తివాచీ ఎందుకు? మట్టీ దుమ్మూ అంటకుండా నలుగురూ కూర్చోవాలి, లేచాక చుట్టి భుజాన వేసుకుపోవాలి, అంతవరకే దాని బాధ్యత. వెచ్చదనం దాని పనుల్లో ఎప్పుడూ లేదు కాబట్టి వెచ్చటి నేల మీద దాని ఉద్యోగం ఊడలేదు. అమ్మాయి వాళ్ల స్టుట్‌గార్ట్ హాల్లో పెద్ద జంపఖానా ఒకటి పరిచాం, అక్కడ కూడా అది చేసేది అదే పని. పాప మోకాళ్లకి మెత్త, మాటకి ప్రతిధ్వని తగ్గింది, కింద చెయ్యి పెడితే టైల్ వెచ్చగా ఉంది, పైన చెయ్యి పెడితే దాదాపు అంతే వెచ్చగా ఉంది. జారకుండా నాలుగు మూలలా దళసరి నూలు టేపు కుట్టి సోఫా కాళ్ల కింద నొక్కిపెట్టాం.

మా అల్లుడు ఒప్పుకోలేదు. అతనిది ఏలూరు. ఏలూరు తివాచీల పరువు ఇక్కడ అడ్డొచ్చింది. పారశీక నేతగాళ్లు బందరు రేవులో దిగి ఏలూరులో స్థిరపడ్డారని వాళ్లూళ్లో చెప్పుకునే కథ మొదలుపెట్టి, "మావయ్యగారూ, ఉన్ని తివాచీ అంటే కాలు దిగిపోవాలండీ, ఇది బెంచీ మీద దుప్పటిలా ఉంది" అన్నాడు. అతని మాటలో నిజం లేకపోలేదు. ఉన్నిలో పాదం దిగబడే సుఖానికి టాగ్‌లతో జవాబు చెప్పలేం. మనిషి తివాచీ కొనేది లెక్క కోసమే అయితే పజిరిక్‌లో ఆ జింకలూ గుర్రాలూ ఎందుకు నేశారు? చివరికి ఉన్ని తివాచీ చిన్నది ఒకటి వాళ్ల పడగ్గదిలో మంచం పక్కకి, లేవగానే కాలు పెట్టే చోటికి ఒప్పుకున్నాను. అక్కడ గొట్టాలు ఎటూ మంచం కిందనే సగం మూసుకుపోయి ఉన్నాయి. మంచం కిందికి తివాచీ అంచు వెళ్లకూడదని, నెలకోసారి ఎత్తి దులపాలని షరతు పెట్టాను. చీకటీ వెచ్చదనమూ ఉన్నిపురుగుకి మహా ఇష్టం.

మేం ఇంటికి తిరిగొచ్చిన వారానికి అమ్మాయి వాట్సాప్‌లో కొలతలు పంపింది. హాల్లో పరిచిన పెద్ద జంపఖానాలో సగం సోఫా కిందికే పోయిందట, అక్కడ ఎవరూ కూర్చోరు, వేడి మాత్రం ఆగుతోందట. ఈసారి నాలుగడుగులు ఆరడుగులవి రెండు కావాలి, నీలం గీతలవి. "నాన్నా, అంచుకు కుచ్చులు మాత్రం వద్దు. మా వాక్యూమ్ రోబో వాటిని మింగి నడిమిట్ల ఆగిపోతున్నది."